తమ్మీ... లాస్ట్ ఒక్క పాట!

ప్రతి బరాత్‌లో నా డ్యూటీ ఒకే మాట దగ్గర ఆగుతుంది. "తమ్మీ... లాస్ట్ ఒక్క పాట!" అనేవాళ్లు మారుతుంటారు. ఒకరోజు పెళ్లికొడుకు బావమరిది, ఇంకోరోజు పక్కింటి అంకుల్, మరోరోజు కొంగు నడుముకు చుట్టి చెమటలు కక్కుతున్న మేనత్త. అందరూ ఒక్క వేలే చూపిస్తారు. ఆ ఒక్కటి మాత్రం ఎప్పుడూ ఒక్కటి కాదు. కొత్తలో ఒక రాత్రి లెక్కపెట్టాను. ఏడు 'లాస్ట్' పాటలు అయ్యాయి. ఎనిమిదోదానికి జనరేటర్‌లో డీజిల్ అయిపోయి బతికిపోయాను.

కరీంనగర్, జగిత్యాల వైపు పెళ్లిళ్లకు ఎనిమిదేళ్లుగా డీజే కొడుతున్నాను. ఇన్‌స్టాలో రోజుకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు, "అన్నా, డీజే కావాలంటే ఏం కొనాలె?" అని. ఏం కొనాలో చెప్పడం సులువు. ఒక ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్, మిక్సర్, ఆంప్లిఫయర్లు, రెండు టాప్‌లు, బేస్ బాక్సులు, కార్డ్‌లెస్ మైకులు రెండు. డబ్బుల్లేకపోతే ఇవన్నీ అద్దెకు దొరుకుతాయి. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దరువు తప్పకుండా జారడం, అంటే మిక్సింగ్, కుదురుగా కూర్చుంటే రెండు మూడు నెలల్లో వస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో రెండు పాటల స్పీడ్ కలపడానికి ఒక బటనే ఉంది. కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నా. నాకు దెబ్బలు తగిలింది బటన్ల దగ్గర కాదు.

మొదటి దెబ్బ నవ్వొచ్చేదే. నా రెండో పెళ్లి. అప్పగింతలు. పెళ్లికూతురు తండ్రి బిడ్డ చేతిని వియ్యంకుడి చేతిలో పెడుతున్నాడు. హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. ఆ టైమ్‌కి కావాల్సిన పాట నా దగ్గర లేదు. యూట్యూబ్‌లో పెట్టాను. పాట సగంలో ఆగింది. నాలుగు బాక్సుల్లోంచి ఒక ఆడగొంతు హుషారుగా గిన్నెలు తోమే సబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఐదు సెకన్లు స్కిప్ కూడా కాలేదు. ఏడుస్తున్న పెళ్లికూతురు నవ్వింది, అది నా అదృష్టం. వాళ్ల నాన్న మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. ఫంక్షన్ హాల్లో నెట్‌ను నమ్మను. నా ఫోన్‌ను మిక్సర్‌కి కలపాల్సి వస్తే ముందు ఫ్లైట్ మోడ్‌లో పెడతాను. లేకపోతే అమ్మ చేసిన ఫోన్ ఐదొందల మందికి వినిపిస్తుంది.

రెండో దెబ్బకు ఎవరూ నవ్వలేదు.

అదొక సంగీత్. అందరూ బాగా ఎగురుతున్నారు. ఊపు మీద ఉన్నానని నాకు నేనే మురిసిపోతూ ఒక పాత మాస్ పాట వేశాను. పెళ్లికూతురు ఒక్కసారిగా నిలబడిపోయింది. ఆ తర్వాత కింద కూర్చుండిపోయింది. వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. కేబుల్ తగిలి షాక్ కొట్టిందేమో అనుకుని మెయిన్ ఆపేశాను. తర్వాత ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. ఆ పిల్ల అన్న ఏడాది కింద బండి యాక్సిడెంట్‌లో పోయాడట. ఆ పాట ఆ అబ్బాయి రింగ్‌టోన్. "నీకెట్ల తెలుస్తది కొడుకా" అని భుజం తట్టాడు. నిజమే, నాకెలా తెలుస్తుంది? కానీ ఇంటికి వెళ్తూ అదే ఆలోచించాను. అడిగితే తెలిసేది కదా.

ఇప్పుడు పెళ్లికి వారం ముందు ఆ ఇంటికి వెళ్లి టీ తాగి వస్తాను. చేతిలో ఒక నోట్‌బుక్ ఉంటుంది. కచ్చితంగా ఉండాల్సిన పాటలు ఏంటని అందరు డీజేలూ అడుగుతారు. నేను పెట్టకూడని పాటలు ముందు అడుగుతాను. మొదట "అట్లాంటివేం లేవు తమ్మీ" అంటారు. టీ అయిపోయే టైమ్‌కి ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఒకింట్లో అల్లుడి మొదటి సంబంధం చెడిపోయిన పెళ్లిలో వేసిన పాట. ఒకింట్లో తాగుడు పాటలు అసలు వద్దు, ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకొక ప్రశ్న కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆరోజు ఫైనల్ మాట ఎవరిది? పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఒకటి అంటారు, మేనమామ ఇంకొకటి అంటాడు. వాళ్లిద్దరి మధ్య నలిగేది డీజే. అందుకే ఒక్కరి పేరు, ఒక్క నంబర్ రాసుకుంటాను. చాలా ఇళ్లలో అది పెళ్లికూతురు అక్క అవుతుంది. ఎందుకో తెలీదు గానీ ఆ ఇంట్లో అందరి సంగతులూ ఆమెకే తెలిసి ఉంటాయి.

అదే నోట్‌బుక్‌లో పేర్లు కూడా రాసుకుంటాను, పలికే తీరు అడిగి మరీ. మైకులో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పలికితే ఆ తప్పు వాళ్ల వీడియోలో ఇరవై ఏళ్లు వినిపిస్తూనే ఉంటుంది.

ఫ్లోర్ చదవడం అని మా వాళ్లు ఒక మాట అంటారు. స్క్రీన్ చూడటం మానేసి జనాన్ని చూడటం, అంతే. మొదటి అరగంట ఎవరూ రారు. కొత్త డీజే ఆ ఖాళీ చూసి కంగారుపడి, ఉన్న పెద్ద పాటలన్నీ అప్పుడే వదిలేస్తాడు. 'బుల్లెట్టు బండి' వచ్చినప్పటి నుంచి పెళ్లికూతుళ్లే ఫ్లోర్ మీదకు దిగుతున్నారు. అలాంటి పాటను ఏడున్నరకే వాడేస్తే తొమ్మిదింటికి చేతిలో ఏం మిగులుతుంది? ముందు పిల్లల్ని దింపాలి. పిల్లల్ని ఆపడానికి అమ్మలు వస్తారు. అమ్మలు నాలుగు అడుగులు వేస్తే వీడియో తీయడానికి నాన్నలు లేస్తారు. ఆ తర్వాత నానమ్మలకు పాత పాట ఒకటి. కాలేజీ బ్యాచ్ గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటూ "ఏందన్నా ఈ పాటలు" అంటుంటుంది. వాళ్ల టైమ్ వస్తుంది. ఎవరు రాకపోయినా వాళ్లు ఎలాగూ వస్తారు కాబట్టే వాళ్లను ఆఖరికి ఉంచుతాను.

పెళ్లి తంతు జరుగుతున్నప్పుడు మాత్రం నేను లేనట్టే. గట్టిమేళం అన్నాక సన్నాయి, డోలు తప్ప ఇంకేం మోగకూడదు. మంగళసూత్రం కట్టే టైమ్‌కి సినిమా పాట పెట్టమని కెమెరామన్ సైగ చేస్తాడు. రీల్ బాగా వస్తుందట. నేను తల తిప్పుకుంటాను. మేళం వాళ్లు పొద్దుటినుంచి ఆ ఒక్క నిమిషం కోసం కూర్చుని ఉంటారు.

ఇప్పుడు శబ్దం సంగతి. దీన్ని తెలుసుకోకుండా సీజన్లకు సీజన్లు కొట్టాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి. వెనకాల వాళ్లకు వినపడట్లేదంటే వాల్యూమ్ పెంచడమే నాకు తెలుసు. బయట ఖాళీ జాగాలో దూరం రెట్టింపు అయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆంప్లిఫయర్ వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే దూరం రెట్టింపైన చోట అదే శబ్దం కావాలంటే కరెంటు నాలుగింతలు గుమ్మరించాలి. ఆ గుమ్మరించినదంతా ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ నెత్తిన పడుతుంది. అందుకే ఇప్పుడు టాప్‌లను మనిషి తలకన్నా ఎత్తులో స్టాండ్ మీద పెడతాను. హాలు పొడుగ్గా ఉంటే మధ్యలో రెండు చిన్న బాక్సులు వేస్తాను. ఎవరి చెవీ పగలదు, వెనకాల వాళ్లూ "వినపడ్తలేదు" అనరు. మిక్సర్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరకుండా ఉంటే అది ఊపు కాదు, సౌండ్ చీలిపోతోందని అర్థం. కాసేపట్లో ట్వీటర్లు కాలిపోతాయి, వాటి బిల్లు మన జేబులోంచే.

బరాత్ అయితే పని ఇంకా పెద్దది. మా వైపు పెళ్లయ్యాక రాత్రి పూట జంటను బండెక్కించి ఇంటిదాకా ఊరేగిస్తారు. ముందు డీసీఎంలో బాక్సులు, జనరేటర్, దాని వెనక జనం. ముందు రోజే ఆ దారంతా ఒకసారి బైక్ మీద తిరిగి వస్తాను. కరెంటు తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయి, ఎక్కడ బండి తిరగదు, దారిలో దవాఖాన ఉందా, ఎవరింట్లోనైనా చావు అయ్యిందా అని చూసుకుంటాను. తీగ అడ్డం వస్తే బాక్సుల మీద ఎక్కి కర్రతో లేపే పోరగాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. నా బండి మీద ఎవర్నీ ఎక్కనివ్వను. తీగ కింద పట్టకపోతే దారి మార్చుకుంటాం, లేదా బాక్సులు దించుకుంటాం. దీనికోసం తిట్లు తిన్నాను. ఫర్వాలేదు.

ఇదంతా నేర్చుకోదగ్గ పనే. అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి.

మాది డప్పు కొట్టే ఇల్లు. బాపు, కాక, వాళ్ల జట్టు, ఆరుగురు. పెళ్లిళ్లకు, చావులకు, జాతరలకు వాళ్లే. చిన్నప్పుడు స్టీలు పళ్లెం మీద నాకు తీన్‌మార్ నేర్పింది కాక. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల ఎలా పట్టుకోవాలో నా వేళ్లు పట్టి చూపించాడు. బాపుకు చేయి నొప్పి వచ్చాక జట్టును కాకే నడిపించాడు. నేను డప్పు పట్టలేదు. ఇంటర్ అయ్యాక డీజే దగ్గర కేబుళ్లు మోయడానికి వెళ్లి, అటే ఉండిపోయాను. డప్పు పట్టుకుంటే ఊళ్లో పిలిచే పిలుపు వేరు, డీజే అంటే పిలిచే పిలుపు వేరు. అదీ ఒక కారణమే, దాచడం ఎందుకు.

నాలుగేళ్ల కింద ఒక పెళ్లిలో మేం ఎదురుపడ్డాం. పెళ్లికొడుకు తాత డప్పులు ఉండాల్సిందే అన్నాడట. పెళ్లికొడుకు ఫ్రెండ్స్ డీజే ఉండాల్సిందే అన్నారట. ఇద్దర్నీ మాట్లాడారు. బరాత్ దగ్గరికి నా డీసీఎం వెళ్లేసరికి కాక జట్టు రోడ్డు పక్కన గడ్డి మంట వేసి డప్పులు కాపుతున్నారు. నన్ను చూసి కాక నవ్వాడు. "మావోడే" అని పక్కవాళ్లకు చూపించాడు.

వాళ్లు మొదలుపెట్టారు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఫ్రెండ్స్ బ్యాచ్ బండి మీద దబదబా చరిచింది. "అన్నా, డీజే... డీజే!" నేను ఫేడర్ పైకి తోశాను.

ఆ తర్వాత చూసింది ఇప్పటికీ కళ్లముందు ఉంది. కాక చేతులు ఆడుతున్నాయి. సిర్ర తోలు మీద పడుతోంది, లేస్తోంది. చప్పుడు లేదు. మ్యూట్‌లో పెట్టిన టీవీలా. మా బేస్ కింద ఆరు డప్పులూ మునిగిపోయాయి. తమ వంతు వస్తుందేమో అని పది నిమిషాలు అలాగే కొట్టారు. తర్వాత ఒక్కొక్కరూ వేపచెట్టు కిందికి జరిగారు. రాత్రి లెక్కలప్పుడు పెళ్లివాళ్లు కాకకు సగం డబ్బులే ఇచ్చారు. "మీరు కొట్టిందే లేదు గదా" అన్నారు. అప్పుడు నేను మూడడుగుల దూరంలో నిలబడి నా బ్యాలెన్స్ మొత్తం ఫోన్‌లో పడిందా లేదా చూసుకుంటున్నాను. నోరు విప్పలేదు. పార్టీ వాళ్ల ఇష్టం, నాకేం సంబంధం అనుకున్నాను. కాక కూడా ఏమనలేదు. "బువ్వ తిన్నవా?" అని అడిగి బండెక్కాడు.

మూడు రోజుల తర్వాత బాపు అన్నం తింటూ, పళ్లెంలోకి చూస్తూనే అన్నాడు. "మీ కాక చెయ్యి ఆడుతుంటే ఇనరాలేదట గదా."

"వాళ్లే పెట్టమన్నరు బాపూ."

"పెట్టమన్నరు సరే. చెయ్యి ఆపుడు రాదా నీకు?"

అంతే అన్నాడు. నేను కంచం తీసి లేచిపోయాను. కోపం వచ్చింది. కోపం తగ్గాక చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. డప్పు జట్టులో నాకు అన్నిటికన్నా కష్టమైంది దరువు కాదు, తెంపు. నడిపేవాడు సిర్ర పైకెత్తితే ఆరుగురూ ఒకే దెబ్బకు ఆగాలి. ఒక్క చెయ్యి ఎక్కువ పడినా జట్టు పరువు పోతుంది. నేను పళ్లెం మీద ఎప్పుడూ ఆ ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టేవాణ్ని. కాక నా చెయ్యి పట్టుకుని గాల్లోనే ఆపేవాడు.

ఆ తర్వాతి సీజన్ నుంచి డప్పులు కూడా ఉన్న పెళ్లి అయితే బయానా తీసుకునేటప్పుడే ఒక మాట చెప్పేస్తాను. ఇరవై నిమిషాలు నేను, ఇరవై నిమిషాలు వాళ్లు. వాళ్ల వంతులో నా ఫేడర్ జీరో. కావాలంటే వాళ్లకు ఒక మైకు పెడతాను. వాళ్ల దరువు తెగేదాకా నేను పాట ఎత్తను. ఒప్పుకోని వాళ్లు వేరే డీజేను చూసుకున్నారు. ఆ ఏడాది మూడు ఆర్డర్లు పోయాయి. మా ఇంట్లో మూడు ఆర్డర్లంటే చిన్న లెక్క కాదు.

మొదటిసారి అలా ఆపినప్పుడు ఫ్రెండ్స్ బ్యాచ్ గోలగోల చేసింది. నేను హెడ్‌ఫోన్స్ తీసి బండి దిగి వాళ్లతోపాటే నిలబడ్డాను. ఆ రోజు డప్పులు కాకవే. కాక అటూ ఇటూ చూసి, అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు. దరువు తగ్గించాడు. ముసలాయన కాలు కదిలింది. కాక ఇంకొంచెం తగ్గించాడు. ఆయన లేచాడు. ఆయన అడుగు ఎంత లేస్తే అంతే దరువు, మోకాలు నొప్పెట్టి ఆగితే దరువూ ఆగింది, మళ్లీ లేచింది. ముసలాయన మనవడనుకుంటా, ఒక పిల్లాడు "తాతా" అని అరిచి ఈల వేశాడు. రెండు నిమిషాల్లో ఫోన్లన్నీ అటు తిరిగాయి. నా సాఫ్ట్‌వేర్ రెండు పాటల స్పీడ్ కలపగలదు. ఆ ముసలాయన మోకాలు దానికి కనిపించదు. అప్పటినుంచి ఫ్లోర్ చదవడం ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను, క్లయింట్లు కూడా చదువుతారు కదా. నా ఎడమ చెవిలో ఎప్పుడూ సన్నగా ఈల మోగుతూ ఉంటుంది. రెండేళ్ల కింద వైశాఖం సీజన్ అయిపోయాక మొదలైంది. రెండు రోజుల్లో పోతుందనుకున్నా. ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి, ఈల ఆగలేదు. మా అక్క కూతురు ఎడమవైపు కూర్చుని చెవిలో ఏదో గుసగుసగా చెప్పింది. "ఏంటి?" అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ "ఏంటి?" అన్నాను. మూడోసారి అలిగి లేచిపోయింది. మర్నాడే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నాకు బాగా అలవాటైన సీనే, హెడ్‌ఫోన్స్, బటన్. ఈసారి చాలాసేపు నొక్కాల్సిన పని పడలేదు. గ్రాఫ్‌లో గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలోకి జారి, మళ్లీ పైకి లేచింది. పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవి గ్రాఫ్ సాధారణంగా అలాగే ఉంటుందట. లోపలి సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. లెక్క కూడా డాక్టరే చెప్పారు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటల వరకు ఉండొచ్చు. అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగం అవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. నా బాక్సుల పక్కన నేను ఎనిమిదేళ్లుగా రాత్రికి నాలుగు గంటలు నిలబడుతున్నాను. ఇప్పుడు చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటాను. కేబుళ్లు మోసే తమ్ముళ్లకూ కొనిచ్చాను. వాళ్లు తీసి జేబులో వేసుకుంటారు, నేను మళ్లీ పెట్టిస్తాను.

నా చెవి సరే, అది నేను ఎంచుకున్న పని. కానీ ఒక బరాత్‌లో ఒకాయన మూడేళ్ల బాబును ఎత్తి, మోగుతున్న బేస్ బాక్సు మీద నిలబెట్టి రీల్ తీస్తున్నాడు. బాబు నవ్వట్లేదు, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను సౌండ్ మొత్తం కట్ చేశాను. రోడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. "ఏమైంది, ఏమైంది" అని అరుపులు. మైకులో "బాబు దిగితే పాట" అన్నాను. ఆయన నన్ను కొట్టేలా చూశాడు. దించాడు. పాట వేశాను, కొంచెం తక్కువలోనే.

బరాత్‌కు వచ్చినవాళ్లు కనీసం మనల్ని పిలిచినవాళ్లు. ఆ దారిలో ఇళ్లవాళ్లు మనల్ని పిలవలేదు. రేపు పరీక్ష ఉన్న పిల్ల, బాలింత, ఆపరేషన్ అయ్యి పడుకున్న మనిషి, వీళ్లలో ఎవరి నంబరూ నా నోట్‌బుక్‌లో ఉండదు. వాళ్ల తరఫున ఉన్నది రూలే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్లు బంద్. డప్పుకు కూడా అదే రూలు. నాలుగు గోడల హాలుకు మినహాయింపు ఉంది గానీ, బరాత్‌కు గోడలెక్కడివి? దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. ముందే పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ తీసుకోవాలి. నిజం చెప్పాలంటే 55 అంటే మామూలుగా మాట్లాడుకునే మాట కన్నా పెద్దదేం కాదు. ఏ బరాత్ కూడా ఆ లెక్కలో ఉండదు, నాది కూడా ఉండదు. అది ఒప్పుకుంటాను. ఇరుకు గల్లీలో బేస్ తీసేస్తాను. గోడలు దాటి పక్క ఇంటి మంచం దాకా పోయేది ఎక్కువగా ఆ బేసే. దవాఖాన ముందు పూర్తిగా ఆపేసి, నడుచుకుంటూ దాటిస్తాను. పది దాటాక మాత్రం ఎవరికోసమూ కొట్టను.

పాటల హక్కుల గురించి కూడా కొందరు భయపెడతారు. ఒక్క మాట తెలుసుకుని ఉంచుకోండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో పెళ్లికి మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు అని ప్రత్యేకంగా రాసి కూడా ఉంది.

పది గంటలకు ఆపడం అంటే పది గంటలకు స్విచ్ తీసేయడం అనుకునేవాణ్ని. అలా తీస్తే గొడవే. తాగి ఉన్నవాళ్లకు ఊపు మధ్యలో తెగితే అది కోపంగా మారుతుంది. ఒకసారి నా ల్యాప్‌టాప్ స్క్రీన్ అలాగే పగిలింది. ఇప్పుడు తొమ్మిదిన్నర నుంచే దింపడం మొదలుపెడతాను. ముందు బేస్ కొంచెం. తర్వాత స్పీడ్. తర్వాత అందరికీ నోటికి వచ్చిన పాత మెలోడీ ఒకటి, అప్పుడు ఎగరడం మానేసి పాడటం మొదలుపెడతారు. పాడేవాళ్లకు ఊపిరి తీసుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ఆ పాటలో జంట బండిని ఇంటివైపు కదిలించమని డ్రైవర్ అన్నకు సైగ చేస్తాను. బండి వెనకే ఆడవాళ్లు కదులుతారు, వాళ్ల వెనక పిల్లలు. మిగిలేది పదిమంది.

మొన్న ఫాల్గుణంలో ఒక పెళ్లి. కాక జట్టు కూడా ఉంది. తొమ్మిది నలభైకి నేను ఫేడర్ దించేశాను. చివరి పది నిమిషాలు వాళ్లవి. కాకకు అరవై దాటాయి, అయినా గుండ్రంగా తిరుగుతూ కొట్టాడు. పెళ్లికూతురు మెడలో దండ తీసి అత్త చేతికిచ్చి మధ్యలోకి దిగింది. తొమ్మిది యాభై రెండుకు కాక సిర్ర పైకెత్తాడు. ఆరు డప్పులూ ఒక్క దెబ్బకు ఆగాయి. దూరంగా ఎక్కడో కుక్క అరవడం వినిపించింది.

నేను జనరేటర్ ఆపేసి కేబుళ్లు చుట్టుకుంటున్నాను. పెళ్లికొడుకు ఫ్రెండ్ ఒకడు తూలుకుంటూ వచ్చాడు. వేలు చూపించాడు.

"తమ్మీ... లాస్ట్ ఒక్క పాట."

కేబుల్ రెండో కొస అతని చేతిలో పెట్టాను. "ఇది చుట్టు అన్నా" అన్నాను. కాసేపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అక్కడే రోడ్డు మీద కూర్చుని మోచేతికి చుట్టడం మొదలుపెట్టాడు.

"మోచేతికి కాదన్నా, లోపల తీగ తెగుతది" అంటూ పక్కన కూర్చున్నాను. "అట్ల కాదు. గుండ్రంగ, వదులుగ. ఆఁ... అట్ల."